సోమవారం ఆఫీసుకి... శనివారం ఎడారికి!

కొత్త పికప్ ట్రక్కు కొంటారు. బంగారంలా నడుస్తుంటుంది. అయినాసరే ఓ శనివారం పొద్దున్నే జాకీల మీదికి ఎక్కించి, ముందు చక్రాల దగ్గరున్న సామానంతా విప్పి పక్కన పెట్టేస్తారు. పిచ్చా? కొంత పిచ్చే! కానీ దాని వెనక దాదాపు అరవై ఏళ్ల చరిత్ర ఉంది. బోలెడంత ఇంజినీరింగ్ ఉంది. కోరి నెత్తికెత్తుకునే బాధ్యతా ఉంది.

లాస్‌ఏంజెలెస్ నుంచి లాస్‌వేగాస్‌కి కారులో వెళ్లొచ్చిన తెలుగువాళ్లకి ఆ దారి గుర్తుండే ఉంటుంది. ఐ-15 రహదారి మీద కొండ కనుమ దాటగానే మొహావీ ఎడారి మొదలవుతుంది. శుక్రవారం సాయంత్రమైతే ఆ దారిన కార్ల మధ్యలో కొన్ని వింత ట్రక్కులు కనిపిస్తాయి. ముందు చక్రాలు రెండూ బాడీ దాటి పక్కలకి పొడుచుకొచ్చి, కప్ప కాళ్లు చాపుకుని కూర్చున్నట్టుంటాయి. చక్రాల మీది రేకులు ఉబ్బి ఉంటాయి. వెనక తొట్టిలో ఇనుప గొట్టాల చట్రం, స్పేరు చక్రాలు, నీళ్ల డబ్బాలు. చూడగానే ఎవరైనా పందేల బళ్లే అనుకుంటారు. కాదు. వాటిలో చాలావాటికి సోమవారం పొద్దున ఆఫీసుకి వెళ్లే పనుంటుంది. దారిలో పిల్లల్ని బడి దగ్గర దింపాలి. సాయంత్రం సరుకులు తేవాలి. మధ్యలో వచ్చే ఆ రెండు సెలవు రోజుల్లోనే ఎడారి దారుల్లో దుమ్ము రేపడం.

కిటుకంతా ఆ కప్ప కాళ్లలో ఉంది. దాన్నే లాంగ్ ట్రావెల్ సస్పెన్షన్ అంటారు.

ఎత్తు వేరు... ఆట వేరు

చాలామంది పొరబడేది ఇక్కడే. బండిని నేల నుంచి ఎత్తుగా లేపితే చాలు, ఎంత గతుకు దారిలోనైనా దూసుకుపోతుందనుకుంటారు. ఎత్తు పెంచడం చాలా తేలిక. స్ప్రింగు పైన దళసరి బిళ్లలు పెడితే సరి, బండి రెండు మూడంగుళాలు లేస్తుంది. కానీ చక్రం ఎంత మేర కిందికీ పైకీ ఆడగలదన్నది మాత్రం ఏమీ మారదు. పైగా చక్రం అప్పటికే కిందికి దిగి ఉంటుంది కాబట్టి గుంట వచ్చినప్పుడు ఇంకా కిందికి జారే వీలు తగ్గుతుంది. చూడ్డానికి దర్జాగా ఉంటుంది, అంతే.

లాంగ్ ట్రావెల్‌లో లెక్కంతా ఆ ఆట గురించే. జాకీ వేసి ఎత్తితే చక్రం వేలాడే చోటు నుంచి, పూర్తిగా లోపలికి నొక్కుకుపోయిన చోటు వరకూ ఉండే దూరాన్ని వీల్ ట్రావెల్ అంటారు. కాలిఫోర్నియాలో ఈ సరదాకి ఎక్కువగా వాడే టొయోటా టకోమా పికప్‌నే తీసుకుంటే, కంపెనీ నుంచి వచ్చినప్పుడు ముందు చక్రానికి ఈ ఆట ఎనిమిది అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది. లాంగ్ ట్రావెల్ సామాను బిగిస్తే పన్నెండు, పదమూడు దాకా వెళ్తుంది. నాలుగంగుళాల తేడాకే ఇంత హంగామానా అనిపిస్తుంది. ఎడారి దారి చూస్తేగానీ ఆ నాలుగంగుళాల విలువ తెలియదు.

ఒకే దారిన వందల బళ్లు వేగంగా పోయి పోయి అక్కడి నేల అలలు అలలుగా లేస్తుంది. ఒక దిబ్బ, ఒక గుంట, మళ్లీ దిబ్బ, మళ్లీ గుంట... కొన్నిచోట్ల మైళ్ల పొడవునా ఇదే వరస. వాటిని అక్కడివాళ్లు వూప్స్ అంటారు. మొదటి దిబ్బకి చక్రం పైకి లేస్తుంది. అది తిరిగి కిందికి దిగి నేలను పట్టుకునేలోపే రెండోది వచ్చేస్తుంది. మామూలు ట్రక్కులో నాలుగో దిబ్బకో అయిదో దిబ్బకో స్ప్రింగు చివరిదాకా నొక్కుకుపోయి, లోపలి రబ్బరు దిమ్మకి ఠప్పున కొట్టుకుంటుంది. ఆ దెబ్బ నేరుగా ఫ్రేముకీ, అక్కణ్నుంచి సీట్లో కూర్చున్నవాళ్ల నడుముకీ తగులుతుంది. వెనక భాగం గాల్లోకి తన్నుకుంటుంది. స్టీరింగు చేతిలో ఉన్నా చక్రాలు నేలమీద లేకపోతే బండి మాట వింటుందా? ఆట ఎక్కువున్న ట్రక్కులో చక్రాలు మాత్రమే పిచ్చెత్తినట్టు ఆడతాయి. బాడీ దాదాపు నిలకడగా వెళ్తుంది.

బాహా నేర్పిన విద్య

ఈ విద్య పుట్టింది ఎడారి పందేల్లో. కాలిఫోర్నియాకి దిగువన, మెక్సికోలో బాహా ద్వీపకల్పం ఉంది. 1962లో డేవ్ ఎకిన్స్, బిల్లీ రాబర్ట్‌సన్ అనే ఇద్దరు రెండు హోండా మోటార్‌సైకిళ్ల మీద ఉత్తరాన టిహువానా నుంచి దక్షిణాన లాపాజ్ దాకా దాదాపు 40 గంటల్లో వెళ్లి చూపించారు. అప్పటికి ఆ ద్వీపకల్పం పొడవునా సరైన రోడ్డే లేదు. పూర్తి రహదారి 1973లో గానీ రాలేదు. ఆ సాహసం చూసి మరికొందరికి ఉత్సాహం పుట్టింది. 1967లో అదే దారిలో మెక్సికన్ 1000 పేరుతో మొదటి పందెం జరిగింది. విక్ విల్సన్, టెడ్ మాంగెల్స్ కలిసి ఫోక్స్‌వ్యాగన్ సామానుతో తయారైన చిన్న బగ్గీలో 27 గంటల 38 నిమిషాల్లో గమ్యం చేరి గెలిచారు. ఇప్పుడు ప్రపంచమంతా బాహా 1000 అని పిలిచేది దాన్నే.

ఆ పందేల్లో పాల్గొనేవాళ్లు ముందుగా వెళ్లి దారంతా చూసుకుని రావాలి కదా. ఎక్కడ బండలున్నాయి, ఎక్కడ ఇసుక దిగబడుతుంది, ఏ మలుపు తర్వాత లోయ ఉంది... ఇవన్నీ రాసుకోవాలి. దానికి లక్షల డాలర్ల పందెం బండిని వాడరు. అదే రకం సస్పెన్షన్‌తో ఓ మామూలు పికప్‌ను తయారుచేసుకుంటారు. పందేనికి ముందు పరుగెత్తేది కాబట్టి దాని పేరు ప్రీరన్నర్. ఆ మాటకి ఎంత గిరాకీ ఏర్పడిందంటే, టొయోటా కంపెనీ 1998లో టకోమాలో ఓ రకానికి ఏకంగా ప్రీరన్నర్ అనే పేరు పెట్టి అమ్మింది. చూడ్డానికి ఫోర్‌వీల్ డ్రైవ్ బండి ఎత్తులో ఉంటుంది, ఇంజిన్ బలం మాత్రం వెనక చక్రాలకే. ఎడారి పందేల్లో టొయోటా ట్రక్కులు తోలిన ఇవాన్ స్టీవార్ట్ పేరు ఆ రోజుల్లో మారుమోగిపోయేది. పక్కన ఎవరూ లేకుండా ఒంటరిగా గంటల తరబడి తోలేవాడని ఆయన్ని ఐరన్‌మ్యాన్ అనేవారు. అలాంటివాళ్లను చూసి పెరిగిన కుర్రాళ్లు తమ ఇంటి ముందున్న ట్రక్కుని ఊరికే ఉంచుతారా?

దక్షిణ కాలిఫోర్నియాలో ఇప్పుడిది చిన్నపాటి పరిశ్రమ. టకోమాలకి పేరుపడ్డ టోటల్ కేయాస్ కంపెనీ కరోనా అనే ఊళ్లో ఉంది (ఆ ఊరికీ మహమ్మారికీ సంబంధం లేదు, ఊరి పేరు నూరేళ్ల కిందటిది). కింగ్ షాక్స్ ఉన్నది గార్డెన్ గ్రోవ్‌లో. ఎడారి ఎటు చూసినా కొన్ని గంటల ప్రయాణమే. తయారీదారులు శనివారం వెళ్లి విరగ్గొట్టుకొచ్చి, సోమవారం కొంచెం దళసరిగా చేసి చూసుకుంటారన్నమాట!

తలుపు చెప్పే సూత్రం

ఇంట్లో తలుపు తీసి చూడండి. బందుల దగ్గర అది కదిలేది అంగుళమే. చివర, గొళ్లెం దగ్గర మాత్రం బారెడు దూరం తిరుగుతుంది. తిరిగిన కోణం రెండుచోట్లా ఒకటే. తలుపు ఇంకా వెడల్పుగా ఉంటే గొళ్లెం ఇంకా ఎక్కువ దూరం తిరుగుతుంది.

ట్రక్కు ముందు చక్రం కూడా అలాంటి రెండు తలుపులకే వేలాడుతుంది. పైనొకటి, కిందొకటి. ఇంగ్లిషు ‘ఏ’ అక్షరం ఆకారంలో ఉంటాయి కాబట్టి ఏ-ఆర్మ్‌లంటారు. వాటి వెడల్పు భాగం ఫ్రేముకి బందులా పట్టుకుని ఉంటే, కొసన చక్రం ఉంటుంది. వాటిని రెండు మూడంగుళాలు పొడుగు చేస్తే అదే కోణంలో చక్రం ఎక్కువ దూరం ఆడుతుంది. చక్రాలు పక్కలకి పొడుచుకు రావడానికి కారణం ఇదే. సోకు కోసం కాదు. ఒక్కో పక్క మూడున్నర అంగుళాలు పెరిగితే రెండూ కలిపి బండి ఏడంగుళాలు వెడల్పవుతుంది. ఆ ఏడంగుళాలు తర్వాత ఎన్ని చిక్కులు తెస్తాయో ముందు ముందు తెలుస్తుంది.

ఆర్మ్‌లు ఒక్కటే మార్చితే సరిపోదు. చక్రాన్ని ఆర్మ్‌కి కలిపే బాల్ జాయింటు ఓ హద్దు దాటి వంగదు. అందుకే పైన దాని స్థానంలో యూనిబాల్ అనే ఉక్కు గుండు బేరింగు వేస్తారు. స్టీరింగు నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ కూడా ఆర్మ్‌తోపాటే పొడుగవ్వాలి. లేకపోతే గుంటలో చక్రం పైకి లేచినప్పుడల్లా స్టీరింగు తిప్పకుండానే అది ఓ పక్కకి తిరుగుతుంది. బ్రేకు గొట్టాలు పొడుగువి కావాలి. చక్రం వేగాన్ని కొలిచే సెన్సర్ తీగ సాగాలి. ఫోర్‌వీల్ డ్రైవ్ అయితే చక్రాలకి బలం అందించే ఇరుసులు కూడా పొడుగువే వెయ్యాలి. ఇరుసు కీళ్లు ఎంతవరకు వంగగలవో అదే మొత్తం ఆటకి హద్దు. చాలామంది ఎడారి ప్రియులు టూవీల్ డ్రైవ్ ట్రక్కునే ఎంచుకోవడానికి ఈ బాధ లేకపోవడం ఒక కారణం.

ఇక షాక్‌అబ్జార్బర్లు. స్ప్రింగుకి ఊగడమే తెలుసు, ఆగడం తెలీదు. ఆపేది షాక్‌అబ్జార్బరే. లోపలున్న నూనెను సన్నటి రంధ్రాల్లోంచి నెడుతూ ఆ ఊపును వేడిగా మారుస్తుంది. ఊరి రోడ్డు మీద ఈ వేడి ఓ లెక్కలోది కాదు. వూప్స్ మీద అరగంట పరుగెత్తితే మాత్రం చేత్తో ముట్టుకోలేనంతగా కాలిపోతుంది. నూనె పలచబడి, నురగ కట్టి, షాక్‌అబ్జార్బర్ చేతులెత్తేస్తుంది. అందుకే లాంగ్ ట్రావెల్ ట్రక్కుల్లో రెండున్నర అంగుళాల లావున్నవి వాడతారు. పక్కనే మరో చిన్న సీసాలాంటిది ఉంటుంది. నూనె ఎక్కువ పడుతుంది, త్వరగా చల్లారుతుంది. ఆ సీసాలో రెండో పక్కన నైట్రోజన్ వాయువును దాదాపు 200 పీఎస్ఐ ఒత్తిడితో నింపుతారు. కారు టైర్లో గాలి ముప్పై చిల్లర పీఎస్ఐ ఉంటుందని గుర్తు తెచ్చుకుంటే అదెంతో తెలుస్తుంది. నూనె నురగ కట్టకుండా ఆపేది ఆ ఒత్తిడే. ఇంకా డబ్బున్నవాళ్లు రెండో షాక్‌అబ్జార్బర్ కూడా బిగిస్తారు. దాని ఒంటికి బయట సన్నని గొట్టాలుంటాయి. చిన్న గతుకులప్పుడు నూనె ఆ గొట్టాల్లోంచి సులువుగా పోతుంది. చక్రం చివరిదాకా నొక్కుకుపోతున్నప్పుడు ఆ దారి మూసుకుపోయి బాగా గట్టిపడుతుంది. మెత్తదనం, గట్టిదనం రెండూ ఒకే దాంట్లో!

స్ప్రింగు లేకుండా ఓ పూట

సామాను పెట్టెల్లో వస్తుంది. పానాలు పట్టడం వచ్చినవాళ్లు ఇంటి గ్యారేజీలోనే పని మొదలెడతారు. పాతవి విప్పడం పెద్ద పనేం కాదు, తుప్పు పట్టిన బోల్టులు మొండికేస్తే తప్ప. వెల్డింగ్ దగ్గరే చాలామంది ఆగిపోతారు. రెండో షాక్‌అబ్జార్బర్‌ను పట్టుకునే కమ్మీని ఫ్రేముకి అతకాలి. చక్రాన్ని మోసే ఉక్కు దిమ్మకి బలం కోసం అదనపు పలకలు వెయ్యాలి. కంపెనీ ఆ దిమ్మను తయారుచేసింది మామూలు ఆర్మ్ పొడవుకి. ఆర్మ్ పెరిగితే దానిమీద పడే ఒత్తిడీ పెరుగుతుంది. అతుకు పైపైన పట్టి లోపల పట్టకపోతే అది తెలిసేది గ్యారేజీలో కాదు, ఎడారిలో. లేదంటే ఇంకా ఘోరం, రద్దీ రహదారి మీద! అందుకే తెలివైనవాళ్లు మిగతా పనంతా సొంతంగా చేసుకున్నా ఇదొక్కటీ అనుభవమున్న వెల్డరుకి అప్పజెపుతారు. బ్యాటరీ తీగ విప్పకుండా వెల్డింగ్ చేస్తే బండిలోని ఎలక్ట్రానిక్ పెట్టెలు దెబ్బతినే ప్రమాదం ఉంది. దాన్ని మర్చిపోయేవాళ్లూ ఉంటారు.

అసలు పరీక్ష బిగింపంతా అయ్యాక. అనుభవజ్ఞులు ఈ పని చేయకుండా బండిని కిందికి దించరు. షాక్‌అబ్జార్బర్ చుట్టూ ఉండే స్ప్రింగును తీసేస్తారు. స్ప్రింగు లేని చక్రాన్ని జాకీతో అంగుళం అంగుళం చొప్పున కింది నుంచి పైదాకా లేపుతూ పోతారు. ప్రతి అంగుళం దగ్గరా ఆగి, స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి చూస్తారు. బ్రేకు గొట్టం ఎక్కడైనా బిగుసుకుంటోందా? టైరు రేకుకి రాసుకుంటోందా? ఆర్మ్ వెళ్లి స్ప్రింగుని తాకే చోటేమైనా ఉందా? చక్రం పూర్తిగా వేలాడినప్పుడు ఇరుసును చేత్తో తిప్పితే కీలు పట్టేస్తోందా? పట్టేస్తే ఆ చివరి అరంగుళం వదులుకోవాల్సిందే. నైలాన్ పటకాతో ఆర్మ్‌ను ఫ్రేముకి కట్టి, అంతకన్నా కిందికి దిగకుండా చేస్తారు. పటకా బరువుకి కొంచెం సాగుతుంది కాబట్టి ఆ సాగే మేర కూడా లెక్కలో వేసుకోవాలి. పటకా లేకపోతే బండి గాల్లోకి లేచిన ప్రతిసారీ చక్రం బరువంతా షాక్‌అబ్జార్బర్ కడ్డీ మీద పడి, ఏదో ఒకరోజు అది ఊడి చేతికొస్తుంది. పై చివర కూడా అంతే. షాక్‌అబ్జార్బర్ పూర్తిగా మూసుకోకముందే గట్టి దిమ్మ అడ్డుపడాలి. పందేల బళ్లలోనైతే ఆ దిమ్మ రబ్బరు కాదు, నూనె, వాయువు నింపిన చిన్న స్తంభం.

ఈ పరీక్షకి ఓ పూట పడుతుంది. చూసేవాళ్లకి మహా విసుగు. కానీ సామాను ఎంత ఖరీదైనదైనా, దాన్ని నమ్మొచ్చా లేదా అన్నది తేలేది ఈ పూటే. ఆత్రపడి దీన్ని వదిలేసినవాళ్లే తెగిన బ్రేకు గొట్టంతో, చిరిగిన టైరుతో తిరిగొస్తుంటారు.

ఆ తర్వాత వీల్ ఎలైన్‌మెంట్. హెడ్‌లైట్ల చూపు సరిచేయడం. కొత్త మోడళ్లలో ముందున్న వాహనాన్ని గమనించే కెమెరా, రాడార్ ఉంటే, బండి ఎత్తు మారినప్పుడు వాటినీ చూపించుకోవాలి. ఆదివారం రాత్రికి ఇవన్నీ తెమలకపోతే? ఇంట్లో ఉన్నది అదొక్క బండే అయితే సోమవారం పొద్దున ఎవర్నో లిఫ్టు అడగాల్సిందే. ఆ వారం ఆ ఇంట్లో సస్పెన్షన్ మాటెత్తితే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు!

వెనక తొట్టికి గండి

ముందు భాగానికి ఇంత చేశాక వెనకను అలాగే వదిలేస్తే బండి ముందు మెత్తగా, వెనక గుర్రంలా తన్నుతుంది. వెనక ఉండేవి మన లారీల్లాంటి కమాను పట్టీలు. అవి బరువు మోయడానికి పుట్టినవి. వాటిని తీసి సన్నటి, పొడవాటి పట్టీల కట్ట వేస్తే ఆట పెరుగుతుంది, మోసే శక్తి తగ్గుతుంది. ఇంకా ఆట కావాలంటే పొడవాటి షాక్‌అబ్జార్బర్లు పెట్టాలి. అవి కింద పట్టవు. తొట్టి నేలకి రంధ్రాలు కోసి పైకి లేపి, ఇనుప గొట్టాల చట్రానికి తగిలించాలి. ఇంకేముంది... మంచం, బీరువా, సిమెంటు బస్తాలు మోయాల్సిన తొట్టిలో చట్రం తిష్ఠవేస్తుంది. పికప్ కొన్నదే సామాను మోయడానికైతే ఇది దండగ పని. ఆ మాట మొహం మీదే చెప్పి, వెనక కాస్త మెరుగైన పట్టీలతో సరిపెట్టి పంపించే మెకానిక్ దొరికితే అదృష్టమే.

సోమవారం వస్తుంది మరి

ఖర్చు? ముందు భాగానికి ఆర్మ్‌లు, షాక్‌అబ్జార్బర్లు కలిపితేనే అయిదారు వేల డాలర్లు దాటిపోతుంది. వెనక భాగం, వెడల్పు చక్రాలను కప్పే ఫైబర్‌గ్లాస్ రేకులు, రంగు, టైర్లు, కూలీ చేరితే పదివేలు దాటడం కష్టమేం కాదు. అదంతా ఓసారి పెట్టే డబ్బు. నిజమైన ఖర్చు ఆ తర్వాత మొదలవుతుంది.

కంపెనీ బాల్ జాయింటుకి రబ్బరు తొడుగు ఉంటుంది. దుమ్మూ నీళ్లూ లోపలికి పోవు. ఏళ్ల తరబడి దాని మొహం చూడక్కర్లేదు. యూనిబాల్‌కి ఆ తొడుగు ఉండదు. ఎడారి దుమ్ము నేరుగా లోపలికి పోతుంది. కొన్నాళ్లకి టకటకమంటూ శబ్దం మొదలవుతుంది. అంటే మార్చే వేళయిందన్నమాట. ఆర్మ్‌ల బందుల్లో మెత్తటి రబ్బరుకి బదులు గట్టి బుష్‌లు ఉంటాయి. వాటికి గ్రీజు తగ్గితే స్పీడ్‌బ్రేకర్ ఎక్కినప్పుడల్లా పాత ఇనుప మంచంలా కీచుమంటాయి. షాక్‌అబ్జార్బర్లను అప్పుడప్పుడూ విప్పి నూనె, సీళ్లు మార్చాలి. ప్రతి ఎడారి యాత్ర తర్వాతా బండి కిందికి దూరి ప్రతి బోల్టూ చూసుకోవాలి. దీనికో చిట్కా ఉంది. బిగించాక నట్టు మీది నుంచి పక్కనున్న ఇనుము దాకా రంగుతో ఒక గీత గీస్తారు. నట్టు కదిలితే గీత విరిగినట్టు కనిపిస్తుంది. టార్చి వేసి గీతలు చూసుకుంటూ పోతే అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాలు బద్ధకించేవాడు లాంగ్ ట్రావెల్ జోలికి పోకపోవడమే మంచిది.

రోడ్డు మీద నడక కూడా మారుతుంది. గతుకులు తెలియవు, నిజమే. కానీ చక్రం ఎంత ఎక్కువ ఆడితే బ్రేకు వేసినప్పుడు ముక్కు అంతగా కిందికి దిగుతుంది. మలుపుల్లో ఒరిగిపోకుండా రెండు చక్రాల్నీ కలిపి ఉంచే అడ్డ కడ్డీ ఒకటుంటుంది. చాలా లాంగ్ ట్రావెల్ బిగింపుల్లో అది అడ్డమొస్తుందని తీసేస్తారు. ఎడారిలో దాని అవసరం అంతగా కనపడదు. గంటకి 65 మైళ్ల వేగంతో పోతున్నప్పుడు ముందు కారు హఠాత్తుగా ఆగి, పక్క లేన్లోకి తప్పుకోవాల్సి వస్తే మాత్రం కనపడుతుంది! 2012 మోడళ్ల నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారులోనూ, పికప్‌లోనూ బండి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ తప్పనిసరి. కానీ ఆ వ్యవస్థ లెక్కలన్నీ కంపెనీ వెడల్పు, కంపెనీ టైర్లనుబట్టి వేసినవి. వెనక సీట్లో పిల్లల కుర్చీ బిగించి ఉన్న ట్రక్కులో ఆ కడ్డీని తీసేసే ముందు రెండుసార్లు ఆలోచించాలి. కొంత ఆట తగ్గినా దాన్ని ఉంచుకునే బిగింపు దొరికితే అదే మేలు.

చట్టం కూడా ఓ కన్నేసి ఉంచుతుంది. కాలిఫోర్నియాలో బండి బరువునిబట్టి ఫ్రేము నేలకి ఎంత ఎత్తు దాటకూడదో రాసి ఉంది. 4,501 నుంచి 7,500 పౌండ్ల తరగతికి అది 30 అంగుళాలు. టైర్లు రేకు బయటికి పొడుచుకు వస్తే పోలీసులు ఆపొచ్చు, వెనక వచ్చే కారు అద్దం మీదికి రాళ్లు చిమ్ముతాయి మరి. వారంటీ విషయంలో మాత్రం కొంత ఊరట. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, బయటి సామాను బిగించారన్న ఒక్క సాకుతో కంపెనీ మొత్తం వారంటీని రద్దు చేయకూడదు. ఆ సామాను వల్లే ఫలానా భాగం పాడైందంటే ఆ మేరకు డబ్బివ్వనని చెప్పొచ్చు. బీమా కంపెనీకి మాత్రం మార్పుల సంగతి ముందే చెప్పి రాయించుకోవాలి. దాచిపెడితే ప్రమాదం జరిగిన రోజు తెలుస్తుంది దాని ఫలితం.

ఈ తలనొప్పులన్నీ చూసి కంపెనీలే రంగంలోకి దిగాయి. 2010 మోడల్‌గా ఫోర్డ్ తెచ్చిన ఎఫ్-150 రాప్టర్‌లో ముందు 11.2, వెనక 12.1 అంగుళాల ఆట షోరూమ్ నుంచే వచ్చింది. 2021 మోడల్‌కి అవి 14, 15 అంగుళాలయ్యాయి. రాప్టర్ ముందు జాలీలో మూడు కాషాయరంగు దీపాలు వెలుగుతుంటాయి. అందం కోసమనుకుంటారు. 80 అంగుళాల వెడల్పు దాటిన వాహనానికి అమెరికా నిబంధనలు అలాంటి దీపాలు ఉండాలంటున్నాయి. వెడల్పు బాధ ఫోర్డ్‌కీ తప్పలేదన్నమాట. ఇక సొంత ట్రక్కు మీద మమకారం చావనివాళ్లకి మధ్యే మార్గం ఉంది. ఆర్మ్‌ల పొడవు పెంచకుండా, పై ఆర్మ్‌లు మాత్రం మంచివి వేసి, ముందూ వెనకా నాణ్యమైన షాక్‌అబ్జార్బర్లు బిగించడం. ఖర్చు సగం కూడా కాదు. వెడల్పు పెరగదు, రేకులు మార్చక్కర్లేదు. నెలకోసారి కుటుంబంతో ఎడారిలో గుడారం వేసుకుని వచ్చేవాళ్లకి ఇంతకు మించి అవసరమే లేదు. నిజానికి లాంగ్ ట్రావెల్ బిగించుకున్నవాళ్లలో చాలామందికీ అవసరం ఇంతే!

మన శ్రీసిటీ బండికైతే...

మన దగ్గరా ఇలాంటి పికప్‌లు ఉన్నాయి. ఇసుజు డి-మాక్స్ వి-క్రాస్ 2016లో మార్కెట్లోకి వచ్చింది. తయారయ్యేది మన శ్రీసిటీలోనే. ముందు రెండేసి ఆర్మ్‌లు, స్ప్రింగులు, వెనక కమాను పట్టీలు... ఎముకల గూడు చూస్తే టకోమాకి దగ్గరి చుట్టమే. కాబట్టి కుర్రాళ్ల కన్ను దానిమీద పడటం సహజం. అయితే ఇక్కడ మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ అడ్డుగా నిలబడుతుంది. తయారీదారు చెప్పిన కొలతలకు, ఆర్‌సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఓ తీర్పులో ఈ సంగతే గట్టిగా చెప్పింది. ఏడంగుళాల వెడల్పు పెరిగిన ట్రక్కుతో రోడ్డెక్కితే ఆర్టీఏ అధికారికి టేపు కూడా అక్కర్లేదు, కంటికే తెలిసిపోతుంది. ర్యాలీ మైదానాల్లో మాత్రమే తిరిగే బండి సంగతి వేరు. దాన్ని అక్కడికి మరో లారీ మీద తీసుకెళ్తారు. రోజూ తిరిగే బండికి ఇక్కడ మిగిలేది అసలు కొలతలు మారకుండా, అరిగిన బుష్‌లు, షాక్‌అబ్జార్బర్లు మంచివి వేయించుకోవడమే.

కాలిఫోర్నియాలో ఈ ట్రక్కుల్ని అమ్మేటప్పుడు ఓ తమాషా జరుగుతుంది. పదివేల డాలర్లు పోసిన సస్పెన్షన్‌కి కొనేవాళ్లు అంత విలువ కట్టరు. ఎవరు బిగించారో, ఎలా అతికారో తెలియని బండిని ఇంటికి తీసుకెళ్లడానికి జంకుతారు. అందుకే చాలామంది కంపెనీ ఆర్మ్‌లను, షాక్‌అబ్జార్బర్లను పారేయకుండా గ్యారేజీలో ఓ మూల దాచి ఉంచుతారు. అమ్మే ముందు లాంగ్ ట్రావెల్ సామాను విప్పి విడిగా బేరం పెట్టి, పాతవి తిరిగి బిగిస్తారు. ఫ్రేముకి అతికిన కమ్మీలు, తొట్టికి కోసిన రంధ్రాలు మాత్రం అలాగే ఉండిపోతాయి. కొనడానికొచ్చినవాళ్లలో తెలిసినవాళ్లు టార్చి పట్టుకుని ముందుగా దూరేది అక్కడికే.